నల్ల స్టిక్కరు

సంగారెడ్డిలో కోర్టుకు పోయే దారిలో, జిరాక్సు కొట్ల వరుస చివర, ఐలేశం కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. మనిషి నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు, చెప్పిన పూటకు చెప్పినట్టు మిషన్ చేతికిస్తాడు. శుక్రవారం మాత్రం షట్టరు లేపడు. మహాలక్ష్మికి ఇష్టమైన రోజున కొట్టు మూసుకునే వ్యాపారిని ఇతన్నే చూశామని చుట్టుపక్కలవాళ్లు ఆటపట్టిస్తారు. నవ్వి ఊరుకుంటాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరైనా ఫైళ్లు ఎక్కించిన ఫ్లాపీ తెచ్చిస్తే, డ్రైవులో పెట్టేముందు దాని మూలనున్న చిన్న కిటికీని బొటనవేలితో తడుముతాడు. పెట్టబోయి ఆగి మళ్లీ తడుముతాడు. ఇంటికి తాళం వేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి తిరిగే ఇల్లాలి వరస అది. కోర్టు గుమాస్తాలకు ఇదొక వేడుక. “ఏందన్నా, ఫ్లాపీ నాడి సూస్తున్నవా?” అంటారు. వాళ్లకేం తెలుసు, ఆ వేలిలో ఉన్నది వట్టి భయమని. ఒక మార్చి నెలలో పట్టుకున్న భయం, ఇప్పటికీ వదల్లేదు.

ఐలేశంది కర్దనూరు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి ముత్యమ్మ కౌలు చేలో వంకాయలూ టమాటాలూ పండించి, గంప నెత్తిన పెట్టుకుని పటాన్‌చెరులో అమ్మి, కొడుకును పదో తరగతి దాకా చదివించింది. తర్వాత ఒక టీవీ రిపేరు కొట్టులో తీగలకు టంకం వేయడం నేర్చుకున్నాడు. కంపెనీలకు కంప్యూటర్లు రావడం మొదలయ్యేసరికి హైదరాబాదులో ఒక డీలరు దగ్గర చేరి, ఆ పని కూడా వంటబట్టించుకుని వెనక్కి వచ్చాడు. అప్పట్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కంప్యూటరంటే ఏసీ గదిలో, చెప్పులు విడిచి, దర్శనం చేసుకోవలసిన వస్తువు. దానికి జబ్బు చేస్తే పెద్ద పెద్ద మేనేజర్లు కూడా పసిబిడ్డకు జ్వరం వచ్చినట్టు గాభరాపడిపోయేవాళ్లు. అలాంటి చోటికి లూనా బండి మీద, వెనక రేకు డబ్బా కట్టుకుని, ఐలేశం వెళ్లేవాడు. గేటు దగ్గర వాచ్‌మెన్ “డాక్టర్ సాబ్ ఆగయే” అని, డాక్టరు వచ్చేశాడని, లోపలికి కేకేసేవాడు. ఆ మాటకు ఐలేశం పైకి సిగ్గుపడేవాడు గానీ, లోపల చాలా బాగుండేది.

ఆ రేకు డబ్బాలో ఒక ఫ్లాపీ అతనికి ప్రాణం. వైరసులను పట్టి తీసేసే ప్రోగ్రాం అందులో ఉండేది. వైరసంటే, పనీపాటా లేని తెలివిగలవాడెవడో రాసి లోకం మీదికి వదిలిన దొంగ ప్రోగ్రాం. ఫ్లాపీలో దూరి ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పోతుంది, లోపల ఉన్నదాన్ని తినేస్తుంది. జబ్బు చేసిన మిషన్‌ను ఆపేసి, ఈ శుభ్రమైన ఫ్లాపీతోనే లేపాలి. అప్పుడు వెతికితే దొంగ దొరుకుతాడు.

మరి ఆ మందు ఫ్లాపీకే జబ్బు అంటుకుంటే? దానికీ ఒక ఏర్పాటుంది. ఆ రోజుల్లో ఫ్లాపీ అప్పడంలా పల్చగా ఉండేది. అంచున, ఇప్పటి ఫ్లాపీల కిటికీకి బదులు, చిన్న గంటు. గంటు తెరిచి ఉంటే మిషన్ ఆ ఫ్లాపీ మీద రాయగలదు. గంటు మీదుగా ఒక నల్ల స్టిక్కరు మడిచి అంటించామా, ఇక చదవగలదు తప్ప రాయలేదు. ఎంత మొనగాడు వైరసైనా ఆ గోరంత ముక్కను దాటి లోపలికి రాలేడు. ఐలేశం బతుకుతెరువంతా ఆ ముక్క మీదే నిలబడి ఉందంటే అబద్ధం కాదు.

తొంభై ఒకటిలో దసరా వచ్చింది. ఆయుధపూజ కదా, నాగలికీ కొడవలికీ లారీకీ అన్నిటికీ బొట్టు పెట్టే రోజు. ముత్యమ్మ తలస్నానం చేసి, కొడుకు రేకు డబ్బా తోమి, స్క్రూడ్రైవర్లూ టంకం కడ్డీ ఫ్లాపీలూ పీట మీద పేర్చింది. ఐలేశం బయట లూనా కడుక్కుంటున్నాడు. మందు ఫ్లాపీ అంచున నల్లటి ముక్క ఆమె కంటబడింది. పండుగపూట, అమ్మవారి ముందర, నలుపా? గోటితో గీకి తీసేసింది. ఆ చోట పసుపు రాసి కుంకుమ పెట్టింది. కొడుకు చల్లగా ఉండాలని తల్లి చేసిన పని అది, ఆమెను ఏమనగలం.

మరునాడు ఐలేశం డబ్బా సర్దుకున్నాడు. ఫ్లాపీ అంచున పసుపు మరక చూసి, అమ్మ పూజ బాగానే చేసిందని నవ్వుకున్నాడే గానీ, ఆ మరక పక్కన గంటు ఖాళీగా ఉందని చూసుకోలేదు. రోజూ వేసుకునే చొక్కాకు గుండీలు ఉన్నాయో లేదో ఎవరు చూసుకుంటారు? ఆ ఫ్లాపీ మళ్లీ ఊరేగడం మొదలుపెట్టింది. ఏ మిషన్‌లోనో జబ్బు దానికి అంటుకుంది. అక్కడి నుంచి ఐలేశం మందు వేసిన ప్రతిచోటా జబ్బే వేసి వచ్చాడు. అది కొత్తరకం వైరసు కాబట్టి అతని పాత ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టలేదు. తెరమీద ఎప్పటిలాగే ‘వైరసు లేదు’ అనే చూపించేది.

అతను తిరిగే కంపెనీల్లో ఒకటి మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. అతని భార్య రాధ తమ్ముడు నర్సింహ అక్కడే ఆపరేటరు. రాధకు తోడబుట్టినవాడు ఆ ఒక్కడే. ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి అబ్దుల్ గనీని బతిమాలి ఆ ఉద్యోగం ఇప్పించింది ఐలేశమే. రెండంతస్తుల ఎత్తున రెండు రియాక్టర్లు, అంటే రసాయనాలు ఉడికించే పెద్ద ఉక్కు పాత్రలు. వేడి హద్దులో ఉన్నంతసేపూ గంగిగోవులే. హద్దు దాటితే పేలతాయి. కంప్యూటరు రాకముందు మనిషి నిచ్చెనెక్కి గుండ్రటి మీటరు చూసి వచ్చేవాడు. వచ్చాక అద్దాల గదిలో కూర్చుంటే అంకెలన్నీ తెరమీదే. వేడి పెరిగితే అదే సైరన్ కొట్టేది, అదే చల్లనీళ్ల వాల్వు తెరిచేది. పైన మీటర్ల అద్దాలు పగిలితే ఎవరూ బాగు చేయించలేదు. నీళ్లకు చేత్తో తిప్పే చక్రం ఒకటుంది, దాన్ని తాకే అవసరమే రాలేదు.

ఆ గదిలో ఒక ఆచారం పుట్టింది. శుక్రవారం పొద్దున, టీ వచ్చే వేళకు, నర్సింహ కంప్యూటరుకు పూజ చేసేవాడు. మొదట్లో తడిగుడ్డతో తుడవబోతే షాకు కొట్టి చెయ్యి జివ్వుమంది. “బటన్ బంద్ చేసినంకనే తుడువురా” అని ఐలేశమే నేర్పాడు. అప్పటి నుంచి మిషన్ ఆపడం, తుడిచి బొట్టు పెట్టడం, అగరుబత్తి తిప్పడం, మళ్లీ ఆన్ చేయడం. అంతా కాసేపట్లో అయిపోయేది. గనీ సాబు వచ్చేసరికి గదిలో వాసన మాత్రం మిగిలేది. “మిషన్‌కు కూడా మొక్కుతారేందిరా మీరు” అని నవ్వేవాడు గానీ, దాన్ని ఆపి తుడుస్తారని ఆయనకు తెలియదు.

మార్చి మొదట్లో పేపర్లో ఒక వార్త వచ్చింది. ఆరో తారీకున మేలుకునే వైరసు ఒకటి లోకమంతా పాకిందని, ఆ రోజు ఆన్ చేసిన మిషన్ డిస్కును, అంటే లోపల దాచినదంతా, అది తుడిచిపెడుతుందని. ఐలేశం చదివి తేలిగ్గా తీసుకున్నాడు. తన మిషన్లన్నీ శుభ్రమే కదా. అయినా హైదరాబాదు డీలరు ఆ వైరసును పట్టే కొత్త ప్రోగ్రాం ఫ్లాపీ పంపిస్తే, అయిదో తారీకు గురువారం పొద్దున బీరంగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వేసి చూశాడు.

తెరమీద ఎర్ర అక్షరాలు లేచాయి. వైరసు ఉంది.

“పిల్లలు ఆటల ఫ్లాపీలు తెస్తుండ్రు సార్, గందుకే” అని చెప్పి శుభ్రం చేసి బయటపడ్డాడు. అక్కడి నుంచి ఒక ఫౌండ్రీ ఆఫీసుకు పోయాడు. అక్కడా ఎర్ర అక్షరాలే. తరవాత ఒక గోడౌను. ఆ గోడౌనులో కంప్యూటరుకు ఆటల ఫ్లాపీలు రావు, పిల్లలు రారు, అసలు బయటి ఫ్లాపీయే రాదు. వచ్చేది ఒక్క ఐలేశం ఫ్లాపీ.

మందు ఫ్లాపీ తీసి కొత్త ప్రోగ్రాంతో వెతికాడు. ఎర్ర అక్షరాలు. ఫ్లాపీని వెలుతురుకు పట్టుకుని చూశాడు. పసుపు మరక పక్కన గంటు నోరు తెరుచుకుని ఉంది.

అక్కడి నుంచి లూనా ఎట్లా నడిపాడో అతనికే తెలియదు. దారిలోనే ఉన్న తన ఇంటి దగ్గర ఆగాడు. రాధ అన్నం పెట్టబోతే వద్దన్నాడు. వాళ్ల చంటిపిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఊరికే దాని పక్కన కూర్చున్నాడు. ఉయ్యాల కర్ర మీద, పిల్ల తలవైపు, నల్లటి చిన్న ముక్క ఒకటి అంటించి ఉంది. వంగి దాన్ని బొటనవేలితో తడిమాడు.

“అవ్వా,” అన్నాడు, “గిది ఏడిది?”

ముత్యమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. “గదా? దసరా నాడు నీ డబ్బలది పీకిన కొడుకా. దేవుని ముంగట నలుపు ఉంటదా? పారెయ్య మనసొప్పలే. పోరికి దిష్టి తాకకుంట గీడ అంటువెట్టిన. సూడు, ఎంత మంచిగ పట్టుకున్నదో.”

ఐలేశానికి కోపం రాలేదు. దసరా నాటి నుంచి ఏయే గదుల్లోకి ఆ ఫ్లాపీ పట్టుకెళ్లాడో ఒక్కొక్కటీ కళ్ల ముందుకు వచ్చింది. చివరికి ఆ అద్దాల గది వచ్చింది. జనవరిలో అక్కడ మిషన్ మొరాయిస్తే లేపింది ఈ ఫ్లాపీతోనే. రేపు అది చస్తే రియాక్టర్ల వేడి చూసేవాడుండడు, సైరన్ మోగదు, నీళ్లు రావు. వాటి కింద నిలబడేది నర్సింహ.

“ఏందయ్యా, మొకం గట్లయ్యింది?” అని రాధ అడిగింది.

“ఏం లేదు. ఎండ” అని లేచాడు.

ఆ మధ్యాహ్నమంతా ఒక్కొక్క కంపెనీ తిరిగి శుభ్రం చేసుకుంటూ పోయాడు. ప్రతిచోటా ఒకటే అబద్ధం, ఎక్కడినుంచో వచ్చిందని. అబద్ధం చెప్పినకొద్దీ నోటికి అలవాటైపోయింది. నిజం చెప్తే రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వరు. ఎవరి మందు తాగితే రోగం వస్తుందో ఆ డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు? ముందు ఫ్యాక్టరీకే పోవలసింది. అది తెలిసి కూడా చివరికి పెట్టుకున్నాడు. అక్కడ తెలిసిన మొహాలున్నాయి, అందుకని.

సాయంత్రం గనీ సాబు స్కూటరు తీస్తుండగా ఐలేశం గేటు దగ్గర దొరకబుచ్చుకున్నాడు. మిషన్‌ను కాసేపు ఆపి శుభ్రం చేయాలన్నాడు.

“అరే, రియాక్టర్లల్ల సరుకు బ్యాచ్ నడుస్తుంది భాయ్. శనివారం దాకా బంద్ చేసేది లేదు” అన్నాడు గనీ సాబు. “ఏమైంది? మిషన్ మంచిగనే ఉంది కదా?”

చెప్పవలసిన క్షణం అదే. నా చేత్తోనే జబ్బు పెట్టాను సాబ్, రేపు ఇది ఆపి ఆన్ చేస్తే చస్తుంది, అనుమానం లేదు, అనాలి. నోరు తెరిచాడు.

“పేపర్ల రాసిండ్రు సాబ్, రేపు ఏదో వైరస్ వస్తదని. జెర జాగర్త. రేపు ఒక్కరోజు మిషన్ బంద్ చేసి ఆన్ చెయ్యకుండ్రి.”

“గంతేనా? పరేషాన్ గాకు. ఇప్పుడు షిఫ్టులో ఉన్నోళ్లకు చెప్తా” అని ఆయన లోపలికి పోయి చెప్పి వచ్చాడు. ఐలేశానికి గుండె మీద బరువు కొంత దిగింది. మిషన్ నడుస్తూ ఉన్నంతసేపూ వైరసు ఏమీ చేయలేదు. ఆన్ చేసినప్పుడే కదా అది తేదీ చూసుకునేది. శనివారం వచ్చి తీసేస్తే సరి. ఎవరికీ తెలియక్కర్లేదు.

తెల్లవారింది. ముత్యమ్మ గడపకు పసుపు రాసి, టీవీకి బొట్టు పెట్టి, కుంకుమ గిన్నె పట్టుకుని కొడుకు దగ్గరికి వచ్చింది. “శుక్రవారమురా. డబ్బ ఇటు తే, బొట్టు వెడ్త.”

శుక్రవారం!

ఐలేశం చేతిలో టీ గ్లాసు కిందపడింది. నిన్న గనీ సాబు చెప్పింది సాయంత్రం షిఫ్టుకు. పొద్దున షిఫ్టు నర్సింహది. వాడికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. మిషన్ ఆపి తుడువురా అని నేర్పింది ఎవరు? తనే. రేకు డబ్బా కూడా ఎక్కడిదక్కడే వదిలేసి, కొత్త ఫ్లాపీ ఒక్కటి చొక్కాలో దోపుకుని, లూనా ఎక్కాడు.

ఆ దారి రోజూ పోయే దారే. ఆవేళ తరగనే తరగలేదు. లారీలు అడ్డం, ఫ్యాక్టరీ బస్సులు అడ్డం, రోడ్డు మీదికి పారిన మురుగు అడ్డం. మురుగు వాసనలో ఏదైనా కాలిన వాసన కలిసి వస్తుందేమోనని పీలుస్తూ పోయాడు. దూరాన ఏ చప్పుడైనా అదేనేమో అనిపించింది. ఒక లారీ టైరు పేలితే లూనా రోడ్డు దిగిపోయింది. రాధకు ఏమని చెప్పాలి? నీ తమ్ముడికి ఉద్యోగం ఇప్పించింది నేనే, వాణ్ని చంపింది కూడా నేనే అని చెప్పాలా? వాడింకా టీ తాగుతూ ఉండాలి, అగరుబత్తి పెట్టె దొరక్కూడదు, అగ్గిపుల్ల తడిసిపోవాలి అని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు.

అద్దాల గది తలుపు తీసేసరికి అగరుబత్తి వాసన ముక్కుకు కొట్టింది.

కంప్యూటరు నుదుట తడి ఆరని కుంకుమ ఉంది. తెర నల్లగా ఉంది. దానిమీద ఒకే ఒక ఇంగ్లీషు వరుస మినుకుమంటోంది. నర్సింహ బటన్ మీద వేలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పక్కన గనీ సాబు. నిన్నటి మాట మనసులో మెదిలి పెందలాడే వచ్చాడట.

“బావ, మంచి టయానికొచ్చినవ్” అన్నాడు నర్సింహ. “పూజ చేసి ఆన్ చేసిన, గిది లేస్తలేదు.”

“జల్దీ సూడు ఐలేశం” అన్నాడు గనీ సాబు. “అంకెలు కనిపిస్తలేవు. అయిదు నిమిషాలల్ల లేపుతనంటే ఆగుతా. లేదంటే మనిషిని పైకి పంపి చేత్తో నీళ్లు విడవాలె. గట్ల చేస్తే బ్యాచ్ మొత్తం ఖరాబైతది. చెప్పు, లేస్తదా?”

లేవదు. ఐలేశానికి తెలుసు. ఆ వరుస చూడగానే తెలిసింది, లోపల చదవడానికి ఏమీ మిగల్లేదని. అయినా ఇద్దరూ అతని మొహంలోకి ఎప్పటిలాగే నమ్మకంగా చూస్తున్నారు. డాక్టర్ సాబు వచ్చాడు, ఇక ఫరవాలేదు అన్నట్టు.

“జెర ఆగుండ్రి సాబ్, సూస్త” అన్నాడు.

ఎందుకన్నాడు? ఆ ప్రశ్న అతన్ని ఇప్పటికీ వదల్లేదు. కొత్త ఫ్లాపీ డ్రైవులో పెట్టాడు. చిన్న దీపం వెలిగింది, డ్రైవు గరగరమంది. లోపలి డిస్కు లేదని తెర మీద వచ్చింది. ఇంకోసారి పెట్టాడు. ఈసారి ఇంకేదో నొక్కాడు. పని చేస్తున్నట్టు కనబడటానికి నొక్కాడు. వెనక గనీ సాబు “హోగయా? అయిందా?” అంటున్నాడు. బయట రియాక్టరు దగ్గర పైపు ఒకటి సన్నగా అదరడం మొదలైంది. ముందు వినీవినబడనట్టు, తరవాత అద్దం కూడా అదిరేటట్టు. ఎవరో హెల్పరు “సాబ్, వాసనొస్తుంది!” అని అరిచాడు.

అప్పుడు ఐలేశం కుర్చీలోంచి లేచాడు. నోట్లోంచి మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

“లేవది సాబ్! ఇగ లేవది. లోపల ఏం మిగల్లే. నా ఫ్లాపీతోనే వచ్చింది ఈ రోగం, నేనే తెచ్చిన. మనుషుల్ని బయటికి పంపుండ్రి, నీళ్లు చేత్తోని ఇడువుండ్రి!”

గనీ సాబు ఒక్క క్షణం అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. వెంటనే బయటికి పరిగెత్తి, గంటకు బదులు వేలాడదీసిన ఇనుప పట్టాను కొట్టడం మొదలుపెట్టాడు. జనం గేటు వైపు పరుగు తీశారు. ఐలేశం నిచ్చెన వైపు పరిగెత్తాడు. అప్పటికే నర్సింహ సగం మెట్లెక్కాడు.

“నువ్వు రాకు బావ! నీకు తెల్వది గాడ!”

గనీ సాబు కాలరు పట్టుకుని లాగకపోతే ఐలేశం కూడా ఎక్కేవాడే. కింద నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. పైన చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాని పక్కనే ఆవిరి పైపు. చక్రాన్ని గట్టిగా పట్టి తిప్పాలంటే చెయ్యి ఆ పైపుకు ఆనించాలి. నర్సింహ చేతికి గోనెపట్టా చుట్టుకుని ఒకసారి ప్రయత్నించాడు, జారింది. పట్టా తీసి పారేశాడు. వట్టి చేత్తో పట్టుకున్నాడు. అతని అరుపు వినబడింది. అరుస్తూనే తిప్పుతున్నాడు. పైపు అదురు ఎక్కువవుతూనే ఉంది. ఐలేశం కళ్లు మూసుకున్నాడు. చిన్నపిల్లవాడిలా రెండు చెవులూ మూసుకున్నాడు.

నీళ్ల చప్పుడు ముందు అరికాళ్లకు తెలిసింది. తరవాత చెవుల మీంచి చేతులు తీస్తే వినబడింది, పైపుల్లో హోరుమని పారుతున్న నీళ్లు. అదురు మెల్లగా, చాలా మెల్లగా తగ్గింది.

నర్సింహ ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని దిగాడు. కుడిచెయ్యి ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు. ఆ అరచేతిని ఐలేశం ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

“తిరిగింది బావా” అన్నాడు నర్సింహ, నవ్వబోయి.

ప్రాణం దక్కింది. చెయ్యి మానడానికి చాలా రోజులు పట్టింది. మానాక వేళ్లు ముడుచుకుపోయాయి, మళ్లీ చాచుకోలేదు. గేటు దగ్గర వాచ్‌మెన్ పని ఇచ్చారు. కాసేపు ముందు ఎక్కి ఉంటే పైపు అంత కాలేది కాదని, చక్రాన్ని పట్టా చుట్టుకునే మెల్లగా తిప్పడానికి సమయం ఉండేదని నర్సింహ ఎన్నడూ అనలేదు. అనకపోయినా ఐలేశానికి తెలుసు. గనీ సాబు మాత్రం ఆసుపత్రి వరండాలో ఒకే మాట అన్నాడు. “నిన్న సాయంత్రం గేటు దగ్గర గీ మాట చెప్తే అయిపోతుండె కదా, ఐలేశం.” ఆ తరవాత ఆ గేటు అతనికి తెరుచుకోలేదు. కబురు పాకి మిగతా గేట్లు కూడా ఒక్కొక్కటే మూసుకున్నాయి. అందుకే సంగారెడ్డికి మారాడు.

ఆసుపత్రిలోనే నర్సింహకు అంతా చెప్పేశాడు, దసరా పీట, నల్ల స్టిక్కరు, ఉయ్యాల కర్ర, ఏదీ దాచకుండా. నర్సింహ కట్టు కట్టిన చేతివైపు చూసుకుంటూ విన్నాడు. “అత్తమ్మకు జెప్పకు బావ. బతకది” అన్నాడు. అంతే.

ఆ ఏడు దసరాకు ముత్యమ్మ మళ్లీ పీట వేసింది. ఐలేశం రేకు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు గానీ, మందు ఫ్లాపీని చొక్కా లోపల దాచుకుని, దాని అంచును బొటనవేలితో నొక్కిపట్టుకుని పూజ అయ్యేదాకా కూర్చున్నాడు. హారతి కళ్లకద్దుకోవడానికి కూడా ఆ చెయ్యి తీయలేదు.

సాయంత్రం నర్సింహ జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. దసరానాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కే ఆకు. ఎడమచేత్తో ముత్యమ్మకు అందించబోయాడు. ఆమె కసురుకుంది. “దసరా పూట ఎడమచేత్తోనా బిడ్డా?” అంటూనే నాలుక కరుచుకుంది. అతని కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ముడుచుకుపోయిన వేళ్ల సందున ఆకు ఇరికించి, ఆ చేత్తోనే తన చేతిలో పెట్టించుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు.

“ఆ కంపెనోళ్లు పూజ సరింగ చేస్తే గిట్లయ్యేదా కొడుకా? ఏం బొట్టు వెట్టిండ్రో, ఏం మొక్కిండ్రో. మీ బావ డబ్బకు ఏటేటా నేనే బొట్టు వెడ్త. దానికెన్నడన్న ఏమన్నయిందా? నువ్వే చెప్పు.”

ఐలేశం ఉయ్యాల వైపు చూశాడు. కర్ర మీద నల్ల ముక్క అలాగే ఉంది.

నర్సింహ బావ మొహం వైపు చూడలేదు. ముత్యమ్మ కాళ్లకు వంగి, “ఏం గాలేదత్తమ్మా” అన్నాడు.